'తర్వాత' అని పెట్టిన ట్యాగు

ఇంతకు ముందు నేనెందుకు రాయలేదంటే, నాకు రాయడం రాదు. బడి లేక కాదు. బడి గెడ్డకి అవతల ఉండేది. వానల్లో గెడ్డ పొంగితే మేము ఇవతల, మాస్టారు అవతల. నీళ్ళు తగ్గి దారి తేలేసరికి కొండ పొలంలో సామ, కొర్ర కంకి పట్టేవి. చిలకల్నీ కోతుల్నీ తోలడానికి మంచె మీద ఒక మనిషి కావాలి. ఇంట్లో నా గొంతే పెద్దది. అలా నా చిన్నతనం మంచె మీద కేకలేస్తూ గడిచింది. తర్వాత పెళ్ళి, డుంబ్రిగుడ వైపున్న ఈ ఊరు, పిల్లలు. కోడలు వచ్చి వంట చేతిలోకి తీసుకున్నాక, మా ఆడవాళ్ళ కాఫీ సంఘం వరండాలో పెద్దవాళ్ళకి చదువు చెప్తున్నారంటే వెళ్ళి కూర్చున్నాను. ఇంట్లో మేం మాట్లాడే మాటలో సగం ఒడియా. పలక మీద రాసేది తెలుగు. కొంచెం కష్టమైంది గానీ వచ్చేసింది. ఇప్పుడు రాయడం వచ్చు, రాస్తున్నాను.

సంఘం ఆఫీసంటే ఒక గది, ఆ వరండా, వెనక కాఫీ పండ్ల తొక్క తీసే మిషను ఉన్న రేకుల పాక. మా ఇల్లు దాన్ని ఆనుకునే ఉంది కాబట్టి తాళం నా దగ్గరుంటుంది. నాకు చదువు వచ్చిన కొత్తల్లో విజయనగరం వైపు నుంచి ఒక గుంట, అంటే చదువుకున్న ఆడపిల్ల, వచ్చింది. ఏదో స్వచ్ఛంద సంస్థ పంపింది. మెడలో కెమెరా వేసుకుని రెండు పంటకాలాలు మా కొండలన్నీ తిరిగింది. ఎవరింట్లో ఏ విత్తనం ఉంది, ఏ ఊట ఎప్పుడు ఎండుతుంది, ఏ దారి ఎటు పోతుంది, పెద్దవాళ్ళు చెప్పిందంతా వీడియో తీసింది. వెళ్ళిపోయే ముందు అవన్నీ సంఘం కంప్యూటర్లో పెట్టింది. చూస్తే ఒక్కదానికీ పేరు లేదు. కెమెరా వేసిన అంకెలే ఉన్నాయి.

"ఇయ్యేటి, అన్నీ ఒక్కలాగే ఉన్నాయి?" అన్నాను.

"అందుకే కదా అక్కా మీ దగ్గర కూర్చున్నాను. ఏ కొండ ఏదో నేనే సగం మర్చిపోయాను. మీరైతే చూడగానే చెప్పేస్తారు."

"అయితే పేర్లు మార్చెయ్యనా?"

"పేరు జోలికి పోవద్దు. నా దగ్గరున్న కాపీకీ దీనికీ లంకె ఆ అంకెలే. మీరు పక్కన రాయండి."

ఫైలు మీద ఒకసారి నొక్కితే తెర కుడి పక్కన చిన్న పలక లాంటిది తెరుచుకుంటుంది. అందులో రెండు చోట్లు. ఒకటి ట్యాగు, ఒకటి కామెంటు. ఫోల్డరు మీద నొక్కినా అంతే. ఆమె రెండింటికీ తేడా ఏమిటో చాలాసేపు చెప్పింది. నేను నా మాటలో అర్థం చేసుకున్నాను. సంతరోజు జీపు మీద అందరి మూటలూ కలిపి వేస్తాం. దిగాక ఎవరి మూట ఎవరిదో తెలియడానికి ఒక్కో ఇంటివాళ్ళు ఒక్కో రంగు గుడ్డపీలిక కడతారు. ట్యాగంటే ఆ పీలిక. దూరం నుంచి చూసి లాక్కోవచ్చు. ఆ మూటలో ఏముంది, తడి తగిలితే ఏమవుతుంది అని పక్కవాళ్ళకి చెప్పే మాట కామెంటు. మూటకి ఒకటే పీలిక కట్టాలని లేదు. ఇంటికొకటి, కొండకొకటి, పంటకొకటి కట్టుకోవచ్చు. ఈ మాట చెప్తే ఆ గుంట నవ్వి, "ఇక నేను వెళ్ళిపోవచ్చు" అంది.

కీబోర్డు మీద తెలుగు అక్షరాల స్టిక్కర్లు అంటించి వెళ్ళింది. మౌసు మొదట్లో కోడిపిల్లలా చేతిలోంచి జారిపోయేది. తర్వాత మాట విన్నది. పొద్దున్న ఇంటిపని అయ్యాక ఆఫీసు తెరిచి, ఒక్కో వీడియో చూసి, పీలికలు కట్టేదాన్ని. కామెంట్లు నాకు తోచినట్టే రాశాను. ఒకదానికి "ముసలావిడ చాలాసేపు నవ్వుతుంది, ఓపిక పట్టండి, నవ్వు అయ్యాక అసలు మాట ఉంది" అని రాశాను. ఇంకొకదానికి "ఇందులో అరిచే కుక్క మాది, దాన్ని పట్టించుకోవద్దు" అని. వానల్లో తీసిన ఫోల్డరుకి "బొమ్మ మసగ్గా ఉంటుంది, మాట బాగుంటుంది, కళ్ళు మూసుకుని వినండి" అని పెట్టాను. ఒకసారి హుకుంపేట వైపు నుంచి ఒకామె వచ్చి, వాళ్ళ అమ్మమ్మ వేసే ఎర్ర సామ ఇంకా ఎవరింట్లో ఉందని అడిగింది. సామ, ఎరుపు అని రెండు ట్యాగులు కొట్టాను. ముగ్గురి ముఖాలు తెర మీదకొచ్చాయి. ఆమె అందులో ఒకరి ఇంటికి అటునుంచటే వెళ్ళి విత్తనం మూట కట్టుకుంది. ఆ రోజు నేను కుర్చీలో వెనక్కి ఆనుకుని కూర్చున్నాను. అంతవరకూ కుర్చీ అంచునే కూర్చునేదాన్ని.

కొన్నింటికి మాత్రం నేను ఒకే ట్యాగు పెట్టాను. 'తర్వాత' అని. బొమ్మ కదిలిపోయినవి, మాట వినపడనివి, ఏ కొండో తేలనివి అందులో పడేసేదాన్ని. మా బావగారివి కూడా.

ఇది బయటివాళ్ళకి చెప్పాలి. మా ఇళ్ళల్లో భర్తకి అన్నగారంటే తమ్ముడి భార్య ఎదురుపడకూడదు. పేరు పలకకూడదు. ఆయన కూర్చున్న మంచం మీద కూర్చోకూడదు. దారిలో ఎదురైతే కొంగు తలమీదికి లాక్కుని పక్కకి తిరిగి నిలబడాలి. భయమేమీ కాదు, అదొక మర్యాద. ఆయనా అంతే పాటించారు. మా రెండిళ్ళకీ వాకిలి ఒకటే. ఆయన వాకిట్లోకి వచ్చే ముందు దారి మలుపు నుంచే దగ్గేవారు. ఆ దగ్గు వినపడితే నేను లేచి లోపలికి వెళ్ళేదాన్ని. ఇన్నేళ్ళలో మా ఇద్దరి మధ్యా జరిగిన సంభాషణంతా ఆ దగ్గే. ఆయన వీడియో తెరవగానే ముఖం తెర నిండా కనిపించేది. నేను మూసేసేదాన్ని. మూసి, 'తర్వాత' అని కట్టేసేదాన్ని. అదేదో పని ఎగ్గొట్టడమని నాకు అనిపించలేదు. మా ఊళ్ళో ఏ ఆడదైనా అదే చేసి ఉండేది.

వేసవిలో బావగారు పోయారు. కార్తీకం చివర్లో తుఫాను వచ్చింది.

మా ఊరికి నీళ్ళు పై కొండ మీది ఊట నుంచి గొట్టంలో వస్తాయి. మోటారు లేదు, వాలుకి వాటంతటవే దిగుతాయి. ఆ గొట్టం వేసినవాళ్ళలో ఆఖరున మిగిలింది బావగారు. ఎప్పుడు ఆగినా ఆయనొక్కరే పలుగు పట్టుకుని వెళ్ళి వచ్చేవారు, నీళ్ళు వచ్చేవి. తుఫానుకి ఆ కొండ వాలు ఒక పక్క తోలు ఒలిచినట్టు జారిపోయింది. గొట్టం ముక్కలై మట్టిలో కలిసిపోయింది. ఊట పైకి కనపడేది కాదు. పశువులు తొక్కకుండా తొట్టి కట్టి, రాయి కప్పి, పైన మట్టి పోసేశారు. ఆ తొట్టి ఎక్కడుందో ఎవరికీ తెలియదు. మొగవాళ్ళంతా పలుగులూ పారలూ పట్టుకుని కొండ మీదే ఉన్నారు. అక్కడక్కడా తవ్వుతున్నారు, బురదే వస్తోంది.

"నువ్వెప్పుడూ మీ అన్న ఎనకాల ఎల్లనేదా?" అని మా ఆయన్ని అడిగాను.

"అన్న ఎల్లొచ్చేవోడు, నీళ్ళొచ్చేవి. ఇంక నానెందుకు?" అన్నాడు. ముఖం మీద మట్టి.

అది కాఫీ పండ్లు కోసే రోజులు. తుఫానుకి ముందు కోసినవి సంచుల్లో పాకలో ఉన్నాయి. వాటికి తొక్క తీసి, నానబెట్టి, కడిగితేనే సంఘం బయటికి పంపే సరుకు అవుతుంది. అన్నిటికీ నీళ్ళే. అప్పటికే సంచుల దగ్గరికి వెళ్తే పులుపు వాసన మొదలైంది. తాగే నీళ్ళకి కింద గెడ్డకి దిగి ఎక్కాలి. దారి బురద. మా తోటికోడలికి, అంటే బావగారి భార్యకి, మోకాళ్ళు వంగవు. నేను ఆమెకి రెండు బిందెలు పోసి వస్తే, "నానేటి మంచానపడ్డానా?" అని మొహం తిప్పుకుంది. ఇంకొకరు తెచ్చిన నీళ్ళతో వండుకోవడం ఆమెకి సుతరామూ నచ్చదు.

ఆ బిందెలు దించుతున్నప్పుడు నాకు గుర్తొచ్చింది. ఆ కెమెరా గుంట ఒకరోజు పొద్దున్నే బావగారితో పై కొండకి వెళ్ళింది. నేను కిటికీలోంచి వాళ్ళ వీపులు చూశాను. ఆయన చేతిలో పలుగు ఉంది.

ఆ మధ్యాహ్నం కరెంటు వచ్చింది. ఆఫీసు తెరిచి 'తర్వాత' అని కొట్టాను. తెర నిండిపోయింది. అన్నీ అంకెలే. ఎవర్నైనా కుర్రాణ్ణి కొండ మీంచి పిలిపించి చూడమనొచ్చు. కానీ ఏ మాట పనికొచ్చేదో, ఏది కాదో విని రాసేదాన్ని నేను. అది ఇంకొకరి చేతికివ్వాలని నాకు లేదు. అలాగని తెరవడానికీ చెయ్యి ఆడలేదు. అంతలో కర్ర పొడుచుకుంటూ మా తోటికోడలు వచ్చింది.

"ఊరంతా నీళ్ళు నేక ఏడుత్తంటే నువ్వేటి సేత్తన్నావు? బొమ్మలు సూత్తన్నావా?"

"నీటి దారి ఇందులో ఉన్నాది అక్కా. బావగారు ఆ గుంటకి సూపించారు."

"మరి తియ్యి."

నేను కదల్లేదు. ఆమె నా ముఖం చూసి, తెర చూసి, బెంచీ మీద మెల్లిగా కూర్చుంది.

"ఓహో. ఆయన్ని సూడకూడదని కూకున్నావా?"

"మరేటి సెయ్యమంటావు?"

"నానున్నాను గదా. నా పక్కన కూకుని సూడు. నానే సూపిత్తన్నాను అనుకో."

మొదటిది తెరిచాను. కెమెరా ఊగింది, ఆకులు కనిపించాయి, ఎక్కడి నుంచో దగ్గు వినిపించింది. నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. నాకు తెలియకుండానే కొంగు తలమీదికి వచ్చేసింది. అక్క కర్ర నేలకేసి కొట్టి నవ్వింది.

"కూకోయే. ఆయనేటి బయటికొత్తాడా?"

కూర్చున్నాను. ముఖం వచ్చింది. ఈసారి మూయలేదు.

"సూడు సూడు, కెమెరా అట్టుకొచ్చిందని పండగ లుంగీ కట్టీసాడు. ఆ లుంగీ ఏదని నానిల్లంతా ఎతికేను."

"అక్కా, మాటాడకు, ఇనపడదు."

"కూసింత ఆపు. సొక్కా గుండీలు కూడా ఎట్టాడు."

ఆపాను. ఆయన నోరు సగం తెరిచి ఆగిపోయారు. ఆమె కాసేపు అలాగే చూసింది. "నానాగమంటే ఎప్పుడూ ఆగనేదు. నీ యేలికి ఆగుతున్నాడు," అంది.

ఆయన కుడి కనుబొమ్మని రెండుగా చీల్చిన మచ్చ ఒకటుంది. ఒకే వాకిట్లో ఇన్నేళ్ళున్నాను, అది నాకు తెలియదు. ఏమిటని అడిగాను.

"జీలుగు సెట్టు దిగుతా పడ్డాడు, కుర్రోడప్పుడు. కల్లు కుండ మట్టుకి పగలనివ్వనేదు."

మొదటి వీడియో దారి పొడుగునా చెట్ల పేర్లతోనే అయిపోయింది. రెండోది పసుపు గురించి. మేం కొన్ని చూశాం, కొన్ని మధ్యలో వదిలేశాం. అక్క మాత్రం దేన్నీ వదలనిచ్చేది కాదు. "ఉండు, ఇంకా ఏటో సెప్తన్నాడు" అనేది. ఆయన పనికిరాని మాట చెప్తుంటే, "సోది ఆపి నీళ్ళ కాడికి రా" అని తెరనే తిట్టేది. ఎండ వరండా దాటి వెళ్ళిపోయే వేళకి దొరికింది. ఆయన వంగి చేత్తో మట్టి తీస్తున్నారు. కెమెరా ఆయన వీపు మీదుగా చూస్తోంది.

"ఇదిగోనమ్మా, ఈ రెండు రాళ్ళకి నడుమ. పెద్ద రాయి ఏనుగు పడుకున్నట్టు ఉంటాది. దీని పక్కనే ఈ మూత. లోన తొట్టి. ఊళ్ళోకెల్లే గొట్టం ఇటు పక్క. ఈ వాలు మట్టి మంచిది కాదు, ఎప్పుడో జారుతాది. అందుకే అటు పక్క ఇంకో రంధ్రం ఎట్టి కర్ర బిగించేం. ఆ కర్ర పీకి కొత్త గొట్టం ఎడితే అటు వాలున దిగిపోద్ది. ఎవలికి సెప్పినా ఇనరు, ఇప్పుడు బాగానే వత్తన్నాయి గదా అంటారు."

ఆ మాట మళ్ళీ పెట్టాను. ఏనుగు పడుకున్నట్టున్న రాయి ఎటువైపుందో తేలడానికి వెనక కనపడే కొండ కొస చూశాం. జారిన వాలుకి బాగా పైన, ఎడమ పక్క. మగవాళ్ళు తవ్వుతున్నది దానికి చాలా కింద.

కుడి పక్క పలక తెరిచి కామెంటు రాశాను. రెండు రాళ్ళ నడుమ, పెద్ద రాయి పక్కన మూత, అటు పక్క కర్ర బిగించిన రంధ్రం, అని ఆయన చెప్పిన వరసలోనే. 'తర్వాత' తీసేసి, ఊట, నీళ్ళు, పై కొండ అని ట్యాగులు పెట్టాను. ఆగిపోయాను.

"ఏటి?" అంది అక్క.

"చెప్పినాయన పేరు కూడా ఎట్టాలి. రేపెవరైనా ఆయన పేరుతోనే ఎతుకుతారు. పేరు లేకే ఇది ఇన్నాళ్ళు అందులో పడుంది."

మా ఇద్దరికీ ఆయన పేరు పలికే వీల్లేదు. ఆమె భార్య, నేను మరదలిని. పిల్లలెవరినైనా పిలుద్దామా అనుకున్నాను. ఆమె కాసేపు కర్ర కొనతో నేల మీద గీసింది.

"మా అత్త నోటితో అనొద్దంది. రాయొద్దని అన్నేదు. రాతెవలికొచ్చు అప్పుడు?"

"అన్నా రాసేదాన్నే అక్కా."

"మరి రాయి. నన్నడుగుతావేటి?"

ఒక్కో అక్షరం వెతికి నొక్కాను. నోరు గట్టిగా మూసుకున్నాను. పేరు తెర మీద పడింది. ఆమె లేచి వచ్చి, చూపుడువేలు దానికి ఆనించీ ఆనించకుండా పెట్టింది. ఆమెకి చదువు రాదు.

"ఇదేనా?"

"ఇదే."

"ఇంత సిన్నదా? ఇన్నేళ్ళు పలక్కుండా దాచుకున్నది ఇంత సిన్నదా?" అంది.

ఇక్కడ కూడా ఆయన పేరు రాయొచ్చు. రాయడం లేదు. ఇది చదివేవాళ్ళు ఆయన్ని వెతుక్కోరు. వెతుక్కునేవాళ్ళకి కంప్యూటర్లో ఉంది. మిగతా వీడియోలకీ ఆ సాయంత్రమే పేరు పెట్టేశాను. ఆమె ఇంటికి వెళ్ళనని పక్కనే కూర్చుంది. ఆ నీటి వీడియో నా ఫోన్లోకి ఎక్కించుకున్నాను.

మర్నాడు పొద్దున్న గంజి తాగి నేనే ముందు నడిచాను. వెనక మా ఆయన, సంఘంలో ఉన్న నల్ల పైపు చుట్ట భుజాన వేసుకుని కుర్రాళ్ళు. జారిన వాలు పక్కనుంచి పైకెక్కాం. దారి తెగిన చోట ఫోను తీసి బావగారి మాట పెట్టేదాన్ని. ఆయన గొంతు కొండలో పెద్దగా వినిపించేది.

"అన్నకి ఎదురుగా తలెత్తనిదానివి. ఇప్పుడు ఆయన్ని సేత్తో అట్టుకుని మాకు దారి సూపిత్తన్నావు," అన్నాడు మా ఆయన.

"ఎగతాళి తర్వాత. బేగి నడువు."

ఏనుగు రాయి అలాగే పడుకుని ఉంది. రెండు రాళ్ళ నడుమ తవ్వితే మూత తగిలింది. ఎత్తితే లోపల తొట్టి నిండా నీళ్ళు, పైన ఆకులు. అటు పక్క కర్ర నాని ఉబ్బిపోయి పట్టేసింది. పలుగు మొనతో కొడుతూ కొడుతూ వదులు చేశారు. ఊడి రాగానే ముందు బురద, తర్వాత ఎర్ర నీళ్ళు వచ్చాయి. పైపు అందులో దూర్చి, గుడ్డలు చుట్టి, మట్టి కొట్టి, చుట్ట విప్పుకుంటూ అటు వాలున దిగి, కింద తెగకుండా మిగిలిన పాత గొట్టానికి కలిపాం. పైపు మీద చెయ్యి వేసి చూశాను. లోపల నీళ్ళు వెళ్తుంటే చల్లగా వణికింది.

ఊళ్ళోకి వచ్చేసరికి కుళాయి దగ్గర మా తోటికోడలు ధార కింద బిందె పెట్టి కర్ర మీద చేతులేసుకుని నిలబడి ఉంది. నేను ఆగలేదు. పాకలోకి వెళ్ళి, కుళాయి నుంచి అక్కడికి వేసి ఉన్న పైపు మిషను తొట్టిలోకి తిప్పాను. పుల్లగా మారిన పండ్లు ఏరి పక్కన పారేశాను. మంచి సంచి ఒకటి విప్పి తొట్టిలో పోసి, పిడి తిప్పడం మొదలుపెట్టాను.